కల్లం మీదికొచ్చిన హెలికాప్టర్

దయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. నర్సు ఉద్యోగంలో ఎన్ని చావులు చూశానో లెక్కలేదు. పోయినవాళ్లలో ఒక్కరైనా తిరిగొచ్చి నన్ను పలకరించిన పాపాన పోలేదు. అయినా ఈ ఒక్క సంగతి నన్ను వదలడం లేదు. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. సరే, ఇంకోసారి చెబుతాను.

మాది ఏన్కూరు దగ్గర ఒక పల్లె. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మా బాబాయి, అంటే నాన్న తమ్ముడు, ఎయిర్‌ఫోర్స్‌లో హెలికాప్టర్ నడిపేవాడు. గోదావరి పొంగినప్పుడు భద్రాచలం వైపు వెళ్లే హెలికాప్టర్లు మా ఊరి మీదుగానే పోయేవి. పిల్లలమంతా బడిలోంచి బయటికి ఉరికేవాళ్లం. ఏది పోయినా మా బాబాయిదేనని నేను కోతలు కోసేదాన్ని. నాయనమ్మా అంతే, కొంగు ఎత్తి ఊపేది. నిజానికి ఆయన ఉద్యోగం ఎక్కడో అస్సాంలో.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, మిర్చి కోతలప్పుడు, అక్కడ బాబాయికి మలేరియా మెదడుకెక్కింది. స్పృహ లేదని ఫోనొచ్చింది. నాన్న రైలెక్కి వెళ్లాడు. నాయనమ్మకు మాత్రం నాన్న ఏదో పనిమీద హైదరాబాద్ పోయాడని చెప్పాం. ఆమెకు గుండెజబ్బు. నిజం చెబితే ఆమె ప్రాణమూ పోతుందని అమ్మ భయం. రోజూ సాయంత్రం అమ్మ పక్కింటి ఫోన్ దగ్గర కూర్చునేది. "అట్లనే ఉన్నడు" అనే మాట తప్ప ఇంకేమీ వచ్చేది కాదు.

మూడో రోజు మధ్యాహ్నం. కల్లంలో మిరపకాయ ఎండబోసి ఉంది. నేను పందిరి కింద తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్నాను. చేతులు మంట, కళ్లు మంట, ఎప్పుడు లేచి పోదామా అని ఉంది. చెట్టు మీద ఆకు కదలడం లేదు.

నాయనమ్మ ఉన్నట్టుండి లేచి కల్లం మధ్యకు ఉరికింది. తలెత్తి, రెండు చేతులూ ఊపుతూ, కోళ్లను అదిలించినట్టు "పో, పో" అని అరిచింది. ఆకాశంలో ఏమీ లేదు. ఏ చప్పుడూ నాకు వినబడలేదు. కానీ కల్లం నడుమ కాయ లేచి చుట్టూ చెదిరింది. రెండు మంచాలు పట్టేంత జాగా ఖాళీ అయింది. పక్కవాళ్ల కల్లంలో ఒక్క కాయ కదల్లేదు.

"మీ బాబాయేనే. గింత కిందికి తెస్తరా? కాయంత ఆగం చేసిండు," అని తిట్టుకుంటూ చెదిరిన కాయను దగ్గరికి నెట్టింది.

ఆమెకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాను. కాయ చెదిరింది సుడిగాలికని సర్దిచెప్పుకున్నాను. "పో" అన్న సంగతి అమ్మకు చెప్పలేదు. అసలే ఏడ్చి ఏడ్చి ఉంది. కొడుకు చావుబతుకుల్లో ఉంటే కన్నతల్లి నోటివెంట "పో" అన్న మాట వచ్చిందంటే ఇంకెంత బెంబేలు పడుతుందోనని.

సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. మధ్యాహ్నం బాబాయి కళ్లు తెరిచాడట. అమ్మ పక్కింటి గడప మీదే కూలబడిపోయింది.

రెండు నెలలకు బాబాయి ఇంటికొచ్చాడు, చిక్కి సగమై. దవాఖానా సంగతి నాయనమ్మ దగ్గర ఎత్తొద్దని ముందే అనుకున్నాం. ఆయన చాయ్ తాగుతుంటే ఆమే అడిగింది.

"ఏందిరా, ఆ రోజు కల్లం దాకా వచ్చి దిగకుండనే పోయినవ్?"

బాబాయి గ్లాసు కింద పెట్టాడు.

"దిగుదామనే వచ్చిననే అమ్మా. నువ్వే పో పో అని తరిమితివి."

ఆ మాట ఆమె అన్నదని నాకూ ఆమెకూ మాత్రమే తెలుసు. ఆమె ఫోన్ ముట్టదు, ఉత్తరం రాయదు. నేను ఎవరికీ చెప్పలేదు.

"కాయ లేచిపోతుంటే తరమక ఏంజేస్త మరి?" అని నాయనమ్మ నవ్వింది. ఆయనా నవ్వబోయాడు గానీ సగం చాయ్ వదిలేసి లేచిపోయాడు.

తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు ఆయన్ను అడిగాను.

"ఆ మూడు దినాలల్ల నాకు యాదికున్నది గదొక్కటే బిడ్డా. పైనుంచి కల్లం ఎర్రగ కనబడ్డది. మస్తు అలసిపోయి ఉన్న. దిగి పండుకోవాలనిపించింది. ఇంకేం అడగకు."

మళ్లీ అడగలేదు. సుడిగాలి కాయను చెదరగొట్టగలదు, ఒప్పుకుంటాను. అస్సాంలో స్పృహ లేకుండా పడున్న మనిషికి ఆ కేక ఎలా వినబడిందో మాత్రం ఈనాటికీ నాకు తెలియదు. తెలుసుకునే ఓపికా లేదు. ఒక్క ఆలోచనకే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ మర్నాడు మేం కాయను బస్తాలకెత్తాం. ఒక్కరోజు ముందే ఎత్తి ఉంటే కల్లం ఖాళీగా ఉండేది. నాయనమ్మ కొడుకును దిగమనే పిలిచేది. ఆయన దిగి పడుకునేవాడు, మళ్లీ కళ్లు తెరిచేవాడు కాదు.