అడుగున పెట్టిన సంతకం

కరోనా తగ్గి క్యాంపస్ మళ్లీ తెరిచిన ఏడాది నన్ను విదేశీ విద్యార్థుల ఆఫీసుకు అటెండర్‌గా వేశారు. అంతకుముందు హాస్టల్‌లో స్వీపర్‌ని. నలభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుని, ఏడో తరగతి పాసైతే వచ్చిన ప్రమోషన్ అది.

మా క్యాంపస్‌లో చదివే ఒక విదేశీ అమ్మాయిని రోజా అంటాను. అసలు పేరు, దేశం రాయను. ఆమె ఇంటివాళ్లు ఇంకా ఆ దేశంలోనే ఉన్నారు. ఎన్నికలు పెట్టమని ఊరేగింపు తీసినందుకు ఆమె తమ్ముడికీ, అతని స్నేహితులకూ అక్కడి ప్రభుత్వం ఉరిశిక్ష వేసింది.

మా క్యాంపస్‌లోనే చదివి తార్నాకలో ఉంటున్న ఎమ్మెల్సీ మేడమ్ ఆ సంగతి విన్నారు. ఆ పిల్లలను చంపవద్దని మన ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు ఆ ప్రభుత్వాన్ని కోరుతున్నట్టు ఒక విజ్ఞప్తి రాయించారు. అన్ని పార్టీల పేర్లూ ఒకే కాగితం మీద ఉంటేనే దానికి బరువు అన్నారు. యూనివర్సిటీ పేరు ఇందులోకి రాకూడదని మా డైరెక్టర్ చెప్పడంతో, నేను క్యాజువల్ లీవ్ పెట్టి రోజాకు తోడుగా సంతకాలకు బయలుదేరాను.

పై వరుసలో మేడమ్ సంతకం ఉంది. మొదటి ఇంట్లోనే పని ఆగింది. ఎమ్మెల్యే గారి పి.ఏ. కాగితం చూసి, "మా సార్ పేరు వేరే పార్టీ ఆమె కింద ఎట్ల ఉంటదమ్మా? రేపు పేపర్ల వస్తే నవ్వులాట అయితది," అన్నాడు. రెండో ఇంట్లోనూ అదే మాట, కాస్త మర్యాదగా. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో రోజా తన భయం చెప్పింది. ఉరి ఎప్పుడో అక్కడ ఇంటివాళ్లకు ముందుగా చెప్పరట.

మేడమ్ కోపగించుకుంటారనుకున్నాను. ఆమె కొత్త ప్రతి తీయించి, పైనంతా ఖాళీ వదిలి, చిట్టచివర సంతకం పెట్టారు.

"గంత కిందనా మేడమ్?" అన్నాను.

"ఆఫీసుల పనిచేస్తవు, తెల్వదా యాదమ్మా? ఫైల్ల చిన్నోళ్లు ముందు పెడ్తరు, పెద్ద సంతకం ఆఖరికొస్తది. వాళ్లు పైనున్నమనుకోనీ, నేను ఆఖరుకున్ననని అనుకుంట. పిలగాడు బతకాలె, గంతే."

నిజమే. మా దగ్గర గుమాస్తాతో మొదలైన ఫైలు రిజిస్ట్రార్ సంతకంతో ముగుస్తుంది. రోజూ ఆ ఫైళ్లు మోసినా నాకు ఆ ఆలోచన రాలేదు.

ఈసారి ఎవరూ కాదనలేదు. మొదటి పి.ఏ. "గిప్పుడు మంచిగున్నది" అని మాకు చాయ్ కూడా ఇప్పించాడు.

కాగితం ఆ దేశపు రాయబార కార్యాలయానికి వెళ్లింది. జవాబు రాలేదు. కొన్ని నెలలకు వాళ్ల ఉరిశిక్ష యావజ్జీవంగా మారిందని రోజా చెప్పింది. మా కాగితం వల్లనే అని నేననను. ఇంకా చాలా చోట్ల నుంచి అడిగారు. ఆమె తమ్ముడు ఇప్పటికీ జైల్లోనే ఉన్నాడు.

మొదటి పేరు ఎవరిదన్న దగ్గర పని ఆగకూడదని అప్పుడు నేర్చుకున్నాను. రిటైరై మౌలాలిలో ఉంటున్నాను. మా గల్లీ నీళ్ల దరఖాస్తు నా చేతికి వస్తే, అడుగున సంతకం పెట్టి ఇంటింటికీ తిప్పుతాను.