ఇరవై మూడు గంటల పట్టీలు

చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది కాబట్టి అందరికీ ఆమె కాలరమ్మ. ఆమె కూతురికి ఎడమ తొడ ఎముక తుంటి గుంటలో సరిగ్గా కూర్చోలేదు. రెండో నెలలో డాక్టరమ్మ పిల్లకి ఛాతీ నుంచి పాదాల దాకా పట్టీలు కట్టి, మోకాళ్ళు మడిచి, కాళ్ళు పక్కలకి తెరిచి ఉంచింది. ఎక్కడిదాకా బిగించాలో పట్టీల మీద పెన్నుతో గీతలు గీసింది.

"రోజుకి ఇరవై మూడు గంటలు ఉండాలమ్మా. స్నానానికి ఒక్క గంట. ఎముక కూర్చోకపోతే ఆపరేషను, ఆపైన నడుం నుంచి కాళ్ళదాకా పిండికట్టు."

ఇంతకన్నా విడమరిచి ఎవరు చెబుతారు? ఆ ఇంట్లో మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు. అత్తగారికి మనవరాలి తుంటికన్నా ఎదురింటివాళ్ళ నోరు ముఖ్యం. మొగుడు సైన్సు మాస్టారు. బల్ల మీద అస్థిపంజరం బొమ్మ పెట్టి, ఊరి పిల్లలందరికీ ఎముకల పాఠం చెప్పే మహానుభావుడు.

పురిటి సెలవు అయిపోయి, పిల్లని అత్తగారి దగ్గర వదిలి కాలరమ్మ పనిలోకెళ్ళింది. వారం తిరక్కుండా పట్టీలు గీత దాటి అరంగుళం జరిగి కనిపించాయి. రోజంతా అంగుళాలతో బతికే మనిషి కంటికి అది ఆనదా? మర్నాటి నుంచి స్నానం కాగానే గీత దగ్గర ఎర్రదారంతో రెండు కుట్లు వేసి వెళ్ళింది. సాయంత్రానికి కుట్లు భద్రంగానే ఉండేవి. పదిరోజులు నమ్మింది కూడా. ఒకనాడు పట్టీ తిప్పి చూసింది.

"అత్తయ్యా, ఇవి నా కుట్లు కావు."

"కుట్టు మీద పేరు రాసుంటుందా ఏంటమ్మా?"

"నా ముడి పట్టీ మడతలో దాక్కుంటుంది. ఇది అడుగు వైపు తేలింది."

దొరికిపోయిన అత్తగారు గొంతు పెంచింది. "నలుగురొస్తే పిల్లని కప్పలా చూపించమంటావా? కాళ్ళు చాపి గుడ్డలో చుడితే బంగారుబొమ్మలా ఉంది. రేపు దీన్నెవరు చేసుకుంటారు?"

"నాలుగు నెలల పిల్లకి పెళ్ళిచూపులా?"

మాస్టారు ఫోన్లోంచి తల ఎత్తలేదు. "అబ్బా, పెద్దావిడకి తెలీదులే, వదిలెయ్."

తెలీకపోవడమా! పట్టీలు విప్పి, మళ్ళీ కట్టి, దారం రంగు వెతికి పట్టుకుని మరీ కుట్టింది. ఆ ఓపికలో సగం ఆ పసిదాని మీద పెడితే సరిపోయేది.

మర్నాడు స్కానింగు చూసి డాక్టరమ్మ నొసలు చిట్లించింది. "ఏమీ కదల్లేదు. ఇంకో ఆరు వారాలు. ఆ తర్వాత నా చేతిలో కత్తే."

కాలరమ్మ పిల్లని చంకనేసుకుని ఫ్యాక్టరీకి వెళ్ళింది. అక్కడ "పిల్లల గది" అని బోర్డుంది. బోర్డు కింద తాళం, తాళం వెనక అట్టపెట్టెలు. తనిఖీ రోజున మాత్రం పెట్టెలు బయటికి, బొమ్మలు లోపలికి వెళ్తాయి. చట్టాన్ని గౌరవించడమంటే మన మేనేజర్లకి అంతే.

"ఇది ఫ్యాక్టరీనా, పిల్లల ఆసుపత్రా?" అన్నాడు మేనేజరు.

"బోర్డు మీరే పెట్టారు కదా సార్."

"ఇంటికెళ్ళు. రేపట్నుంచి రాకు."

చొక్కా చేతులకి కఫ్‌లు కుట్టే ఆడవాళ్ళు మిషన్లు ఆపేశారు. "మా చంటివాళ్ళని కూడా తెచ్చుకుంటాం, గది తెరవండి" అంది వాళ్ళలో పెద్దామె. తాళం తెరుచుకుంది. ఆయనకి జాలి పుట్టి కాదు. సాయంత్రం లారీ ఎక్కాల్సిన సరుకుంది, కాలరూ కఫ్‌లూ లేని చొక్కా ఎవడూ కొనడు.

ఆరు వారాలూ పట్టీలు గీత మీంచి కదల్లేదు. ఎముక గుంటలో కూర్చుంది. ఇక రాత్రిపూట కడితే చాలంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రమే అత్తగారు గుమ్మంలో నిలబడి ఎదురింటావిడతో అంటోంది: "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా, దీనికి ఏ రోగమూ లేదని. అనవసరంగా పసిదాన్ని కట్టిపడేశారు." పక్కనే సైన్సు మాస్టారు తలూపాడు.

మర్నాడు పొద్దున్నే అత్తగారు చేతులు చాపింది. "ఇంక పగలు పట్టీల్లేవుగా, నా దగ్గర వదిలెయ్."

"ఆకలేస్తుంది దానికి, నా దగ్గరే ఉండనీండి" అని, కాలరమ్మ పిల్లని ఎత్తుకుని ఫ్యాక్టరీ దారి పట్టింది.