దివి వైపు తిప్పిన యాంటెనా

చల్లపల్లిలో రేడియోలు బాగుచేసే శౌరయ్య పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆదివారం చర్చిలో పూజకి కూడా జేబులో స్క్రూడ్రైవరుతోనే వెళ్తాడని భార్య విసుక్కునేది.

డెబ్భై తొమ్మిది వేసవిలో రైసుమిల్లు బసవపున్నయ్యగారు మద్రాసు నుంచి టీవీ తెచ్చారు. పెడితే తెర నిండా చీమల పుట్ట కదిలినట్టు చుక్కలే.

"ఇంతదూరం రాదంటున్నారు. నువ్వేమంటావు శౌరయ్యా?"

"గాలాడని సాయంత్రాల్లో సముద్రం మీదుగా రావచ్చండీ. ఎత్తు కావాలి."

మిల్లు డాబా మీద పొడవాటి ఇనప గొట్టం నిలబెట్టాడు. మద్రాసు స్టేషనుకి సరిపడే కొలతలో అల్యూమినియం కడ్డీలు కోసి, దువ్వెన పళ్ళలా బిగించాడు. అందిన కాస్త సిగ్నలూ వైరులోనే పోకుండా, దాన్ని పెంచే బూస్టరు పైనే పెట్టాడు. ఆకు కదలని ఒక సాయంత్రం, గొట్టం కొంచెం కొంచెం తిప్పుతుంటే, అరవంలో వార్తలు చదివే ఆవిడ ముఖం తెర మీదికొచ్చింది. వీధంతా మిల్లు వసారాలో చేరింది.

ఆవిడ భుజం పక్కన ఇంకో ఆడమనిషి నీడ ఉంది.

"మన పొగగొట్టానికి తగిలి అదే బొమ్మ రెండోసారి వస్తోందండీ. రేపు తీసేస్తాను," అన్నాడు శౌరయ్య.

మర్నాడు సాయంత్రం వార్తల వేళకి టీవీ పెట్టి డాబా ఎక్కబోతుంటే సంపూర్ణమ్మ ఆపింది. మిల్లులో నూకలు చెరిగే మనిషి. డెబ్భై ఏడు ఉప్పెనలో, దివిసీమలో కాపురమున్న కూతురు సుబ్బరత్నం ఇంటితో సహా కొట్టుకుపోయింది. శవం దొరకలేదు.

"నాయనా, ఆ పక్కనున్న పిల్లని తీసెయ్యకు."

"అది ఉత్త నీడ పెద్దమ్మా. ఆవిడ ఏం చేస్తే అదే చేస్తుంది."

అప్పుడే వార్తలావిడ కాగితం చూడ్డానికి తల వంచింది. నీడ వంచలేదు.

శౌరయ్య వంగి తెరని దగ్గరగా చూశాడు. గబగబా పైకెక్కాడు. పడమటికి జరిపితే నీడ పలచబడుతోందని కిందనుంచి చెప్పారు. దివి వైపు జరిపితే చిక్కబడుతోందన్నారు. అటు స్టేషన్లేవీ లేవు. పొలాలు, ఆ తర్వాత సముద్రం. పూర్తిగా అటే తిప్పేశాడు. కింద మాటలు ఆగిపోయాయి.

దిగి చూశాడు. మద్రాసు ఆవిడ లేదు. చప్పుడు లేదు. తెల్లటి చుక్కల మధ్య ఒక్కతే, ఇటే చూస్తూ నిలబడి ఉంది.

సంపూర్ణమ్మ తెరకి దగ్గరగా జరిగింది. "జుట్టు ఆరిపోయిందే," అంది మెల్లగా.

పైరగాలి లేవగానే తెర మళ్ళీ చుక్కలైంది.

"వేరే ఊరి స్టేషనేదో కలిసినట్టుంది," అన్నారు బసవపున్నయ్యగారు.

"అయ్యుండొచ్చండీ," అన్నాడు శౌరయ్య. ఏ ఊరని ఆయన అడగలేదు.

మర్నాడు యాంటెనా మద్రాసుకే తిప్పాడు. నీడ మళ్ళీ పడలేదు. సంపూర్ణమ్మ కూడా టీవీ చూడ్డానికి రాలేదు. అన్నాళ్ళూ ఎవరు చెప్పినా ఒప్పుకోనిది, ఆ నెలలోనే కూతురికి కర్మ చేయించింది. భోజనానికి శౌరయ్యని పిలిచింది. వెళ్ళి తిన్నాడు. ఆమె మారు వడ్డించింది గాని ఆ సాయంత్రం మాట ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

తర్వాత కంకిపాడు, గన్నవరం దాకా శౌరయ్యని పిలిపించి యాంటెనాలు పెట్టించుకున్నారు. బొమ్మ అందకపోతే ఎన్నిసార్లయినా ఎక్కి సరిచేసేవాడు. ఒకసారి సముద్రం వైపు కూడా తిప్పి చూడమంటే మాత్రం, బోల్టు బిగించి దిగిపోయేవాడు.