ఉప్పుమేక గొంతుతేనె

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజుల్లో నన్ను పులికాట్ సరస్సు ఒడ్డునున్న ఊరికి ఇచ్చారు. మాదీ చేపలు పట్టే ఇల్లే. కాకపోతే మా పుట్టిల్లు నాయుడుపేట దగ్గర, మంచినీళ్ళ చెరువు పక్కన. అందుకని నీళ్ళ గురించి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. పదిహేడేళ్ళ పొగరు.

మా అత్తకు ఒక ఉప్పుమేక ఉండేది. ఇప్పుడెవరికైనా చెబితే నవ్వుతారు, నవ్వనీ. చూడటానికి మామూలు మేకే, కాళ్ళు మాత్రం కాస్త పొడుగు. అది సరస్సులో మోకాళ్ళ లోతున నిలబడి ఉప్పునీళ్ళు తాగేది. ఆ నీళ్ళు దాని గొంతు కింది తిత్తిలో చేరి, తెల్లారేసరికి చల్లగా, తియ్యగా, సన్నటి బుడగలతో గొంతుతేనె అయ్యేవి. మేక దాన్ని తన పిల్ల నోట్లోకి వంచేది. పిల్ల సగం తాగాక అత్త మధ్యలో కొబ్బరిచిప్ప పెట్టేది. ఆ చిప్పెడూ సీసాలోకెక్కి, నాయుడుపేటలో రైలెక్కి, మద్రాసులో గొప్పవాళ్ళ పెళ్ళిళ్ళకు పోయేది. వెండి గిన్నెల్లో ఒక్కొక్క గుక్క ఇస్తారట. మా ఇంట్లో ఎవరమూ దాని రుచి ఎరగం.

ఆ ఎండాకాలం, పిల్ల కూడా ఉప్పునీళ్ళే తాగుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. అత్త చేపలమ్మడానికి పోయినప్పుడు ఇసుకలో చెలమ తోడి, తియ్యటి నీళ్ళు చెంబుడు తెచ్చి, పిల్లను ఒళ్ళో పెట్టుకుని తాపాను. ఆత్రంగా తాగింది. ఏదో పుణ్యం చేసినట్టు మురిసిపోయాను. మధ్యాహ్నానికి దాని కడుపు ఉబ్బింది. పొద్దు వాలేలోగా చచ్చిపోయింది.

ఎండదెబ్బ అని చెప్పాను అత్తతో. ఆమె పిల్ల ఉబ్బిన కడుపు ఒకసారి తడిమి చూసి లేచింది.

మర్నాటి నుంచి మేక తిత్తిలోది వదల్లేదు. అత్త చిప్ప పెడితే తల తిప్పుకునేది. మూడో రోజుకు తిత్తి సొరకాయంత అయింది. చర్మం పలచబడి మెరుస్తోంది. ఊపిరందక మేక మెడ చాచి నిలబడింది. తిత్తి పగిలితే ఇక మేక దక్కదు. అత్త తన పుట్టింటి నుంచి తోలుకొచ్చిన ప్రాణమది. అత్త దాని ముందు కూర్చుని బతిమాలుతుంటే నాకు అన్నం దిగలేదు.

నాలుగో రోజు పొద్దున దాని పక్కగా పోతుంటే నా చీర వాసన చూసింది. పిల్లను ఒళ్ళో పెట్టుకున్న చీరే అది. మేక నా నడుముకు మెడ ఆనించి, మూతి నా మూతి వైపు చాచింది.

"నోరు తెరువుమే," అంది అత్త.

"చిప్ప తేనా అత్తా? మద్రాసుకు..."

"చిప్పా లేదు, గిప్పా లేదు. తెరువు ముందు!"

మోకాళ్ళ మీద కూర్చుని తెరిచాను. చల్లగా, తియ్యగా నోరంతా నిండింది. అంత రుచి మళ్ళీ ఎక్కడా ఎరగను. గుక్కగుక్కకీ తిత్తి తగ్గుతోంది, నాకేమో ఏడుపు ఆగడం లేదు. అంతా అయ్యాక మేక నా నుదురు నాకింది. దాని పిల్లను చంపిన నన్ను.

"ఎండదెబ్బ కాదత్తా," అన్నాను. "చెలమనీళ్ళు తాపినాను. నేనే చంపినాను."

"తెలుసు. ఉప్పుమేక పిల్ల కడుపుబ్బి పోయిందంటే ఇంకేముంటాది?" అంది. నా వైపు చూడలేదు, మేక మెడ నిమురుతోంది. "మూతి కడగబాక, ఆ వాసన అట్నే ఉండనీ. అది నిన్ను బిడ్డనుకుంటా ఉండాది. రేపు గూడా నువ్వే రావాల."