బల్లా, పసుపునీళ్లూ

ఎనభైల చివర్లో నేను కలకత్తాలో చరిత్ర లెక్చరర్ని. మా డిపార్ట్‌మెంట్ పెద్ద సబితాది, అంటే బెంగాలీలో సబితక్క, ఖిదిర్‌పూర్ రేవులో పనిచేసే తెలుగు క్రైస్తవుల మీద ఓరల్ హిస్టరీ మొదలుపెట్టింది. అంటే కాగితాల్లో దొరకని చరిత్రను మనుషుల నోట వినడం. ఆవిడకు తెలుగు రాదు. దుబాసీని నేనే.

వాట్‌గంజ్‌లో మరియమ్మ అనే రేవు కార్మికుల ఇంటి ఆవిడ దగ్గరికి వెళ్లేసరికి అక్కడ పంచాయితీ నడుస్తోంది. రేవులో మొదటిసారి పనికి బయల్దేరే మగవాడి కాళ్ల మీద గుమ్మంలో పసుపునీళ్లు పోసి, యేసు నేర్పిన పరలోక ప్రార్థన చెప్పడం వాళ్ల ఆనవాయితీ. సోమవారం ఆమె కొడుకు పనిలో చేరుతున్నాడు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన పాస్టరుగారేమో నీళ్లు పోస్తే బల్ల ఆపేస్తానన్నారు. బల్ల అంటే ప్రభువు పేరిట సంఘమంతా పంచుకునే రొట్టె, ద్రాక్షరసం. అది ఆపడమంటే వెలివేసినట్టే.

“బల్ల నేకపోతే నానెలా బతకాల బాబూ? నీల్లు పొయ్యకుండా కొడుకునెలా అంపాల?” అని మరియమ్మ కళ్లొత్తుకుంది.

పాస్టరుగారు నావైపు తిరిగి, “చదువుకున్నవారు, మీరే తేల్చండి సార్. ఈ ఆచారం హిందువులదా, మాదా?” అన్నారు.

నాకసలే నోటి దురద. పసుపు మీద అరగంట ఉపన్యాసం దంచేవాణ్ణే. ఆ ప్రశ్న బెంగాలీలో చెప్పగానే సబితాది చెయ్యి అడ్డం పెట్టింది. “దేవుడికి ఇష్టమో కాదో మనం చెప్పలేం. ఎవరు చేశారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, అదీ మన పని” అని, నా చేత మరియమ్మను అదే అడిగించింది.

“మాయత్త నేర్పింది. యేసయ్యా, ఈ బిడ్డని మల్లీ ఈ గుమ్మం ఎక్కించు అని పోసీది.”

సబితాది టేప్‌రికార్డర్‌ను పాస్టరుగారి ముందుకు జరిపింది. “మీ ఇంట్లో మగవాళ్లు పనికి వెళ్లేటప్పుడు మీ అమ్మగారు ఏం చేసేవారు?” వెటకారం లేదు. మరియమ్మను అడిగిన గొంతే.

“నాన్న సముద్రం మీద వేటకెళ్లేవారు. అమ్మ పడవకు పసుపు రాసి, ఇసుకలో మోకరించి ప్రార్థన చేసేది” అన్నారు. మళ్లీ ఆయనే, “చాలా భక్తురాలండీ” అన్నారు.

“ఆ మాట కూడా రాసుకుంటాం” అంది సబితాది. ఆవిడకు అక్కడే దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

సోమవారం గుమ్మంలో మరియమ్మ నీళ్లు పోసింది. ప్రార్థన పాస్టరుగారు చెప్పారు. ఆ తర్వాతి ఆదివారం ఆమె బల్ల తీసుకుంది.

“మీ పుస్తకంలో నన్నేటని రాత్తారు బాబూ?” అని అడిగింది తర్వాత.

“మీరు చెప్పినట్టే.”

“అయితే కిరస్తానీదాన్నని రాయి. నీల్లు పోసిందని కూడా రాయి.”

రెండూ రాశాను. ఏది అసలు, ఏది అరువు అని తేల్చే కుర్చీ చరిత్రకారుడిది కాదని సబితాది నాకు ఆ గుమ్మంలోనే నేర్పింది.