గోడల మీది తోకలు

నా చిన్నప్పుడు మా వీధిలో దొంగలకంటే దొంగల భయమే ఎక్కువగా తిరిగేది. హోసూరు పక్కన, కెలవరపల్లి దగ్గరి పల్లె మాది. అనుమానం ముందు పుట్టి మా నానమ్మ తర్వాత పుట్టిందని తాతయ్య అనేవారు. ఆ గుణం నాకూ వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

ఒక ఉదయం ప్రతి ఇంటి గడప పక్కనా, గోడ మీద సున్నంతో గీసిన గుర్తు కనిపించింది. అక్షరం కాదు, బొమ్మా కాదు. ఒకచోట కొక్కెం, ఒకచోట వంపు. ఎదురెదురు ఇళ్లకు ఇంచుమించు ఒకే గుర్తు, కాకపోతే ఒకదానికి తోక పొడుగు. దొంగలు ముందుగా వచ్చి ఇళ్లకు గుర్తులు పెట్టిపోతారన్న మాట అందరూ విన్నదే. పొడుగు తోకంటే బంగారం ఎక్కువున్న ఇల్లని మధ్యాహ్నానికల్లా తేల్చేశారు. మాకు పొడుగు తోక వచ్చింది. నానమ్మ మెడలో గొలుసు తీసి బియ్యంలో దాచింది. పొట్టి తోక వచ్చిన ఎదురింటావిడ మాత్రం, "మేమేం అంత లేనోళ్లమా?" అని మూతి ముడిచింది.

ముందురోజు ఊళ్లోకి వచ్చిన కొత్త మనిషి, పాత్రలకు కళాయి పూసే ముసలాయన ఒక్కడే. ఆయన సంచిలో తెల్లటి పొడి దొరికింది. అది కళాయికి వాడే నవసాగరమని మొత్తుకున్నా వినకుండా కరెంటు స్తంభానికి కట్టేశారు. "నాకు రాతే రాదప్పా, వదలండప్పా" అని ఆయన ఏడుస్తున్నాడు. కొందరు కర్రలు తెచ్చారు. రోజూ ఇంటింటికీ పాలు పోసే పక్కింటి అక్క ఏదో చెప్పబోయి, వాళ్ల నాన్నను చూసి ఆగిపోయింది.

తాతయ్య ఆ అక్కను చూశారు, గోడలను చూశారు. రోజూ సాయంత్రం అరుగు మీద నేను అరిచి చదివే గుణింతం వినేది ఆయనే. వీధిలో చదువుకున్న కొద్దిమందీ తమిళ బడిలో చదివినవాళ్లు. నన్నొక్కదాన్నే తెలుగు బడిలో వేశారు. నా చెయ్యి పట్టుకుని వీధి మొదటికి తీసుకెళ్లి, "చదువు పాపా" అన్నారు. భయంభయంగా అందుకున్నాను. ఈ పక్క గోడకు తలకట్టు, ఎదురు గోడకు దీర్ఘం. ఈ పక్క గుడి, ఎదురుగా గుడిదీర్ఘం. కొమ్ము, కొమ్ముదీర్ఘం. అక్షరం తోడు లేక నేనే గుర్తుపట్టలేకపోయిన ఆ తోకలు, నా పాఠం వరుసలోనే నిలబడి ఉన్నాయి.

"ఇది మా పాప చేసిన పని. ఆయన్ని వదిలేయండప్పా" అన్నారు తాతయ్య.

జనం నవ్వారు, కట్లు విప్పారు. నానమ్మ నా వీపు మీద ఒకటి వేసింది. నేను గీయలేదని ఏడిస్తే ఎవరు వింటారు? నన్నంత ముద్దుగా చూసే మనిషి నా మీద అబద్ధం ఎందుకాడారు? ఈసారి నా అనుమానం ఆయన మీదే.

శిక్ష కూడా ఆయనే వేశారు. గుర్తులన్నీ నేను తుడవాలి, రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని పలక మీద రాయాలి. పక్కింటి అక్కను వాళ్ల నాన్న ఎదుటే పిలిచి, "ఈ పిల్ల మళ్లా గోడల మీద గీయకుండా పక్కనే కూర్చుని చూసుకోమ్మా" అన్నారు. పెద్దమనిషి అయిందని అక్కను బడి మాన్పించింది ఆ నాన్నే. రాత పేరెత్తితే మండిపడేవాడు. ఇది కాపలా పనే కదా అని ఒప్పుకున్నాడు.

తడిగుడ్డలతో ఇద్దరం బయలుదేరాం. ఒక గుర్తును తుడిచేముందు అక్క పెదవుల్లోనే "గుడి" అంది. వీధి దాటి ఎదురు గోడ దగ్గర, కాస్త సాగదీసి, "గుడిదీర్ఘం" అంది. నా చెయ్యి ఆగిపోయింది.

"నువ్వు చదివేది గోడవతల నుంచి వింటా ఉంటిని. రాసేది సందులోంచి చూస్తా ఉంటిని. యాడ మర్చిపోతానో అని ఇంటికొకటి పెట్టినాను. మా నాయనకు చెప్తావా?"

చెప్పనని తల ఊపాను. వీపు మీది మంట అప్పుడే పోయింది. ఆ ఏడాదంతా నా పలకలో సగం అక్కదే.

ఈమధ్య మేముండే హోసూరు అపార్ట్‌మెంట్‌లో ఒక తలుపు పక్కన సుద్దగీత కనబడింది. వాట్సాప్ గ్రూపులో గంట తిరక్కుండా పార్సిళ్లు తెచ్చే మనిషి ఫోటో పెట్టి, రేపు వస్తే పట్టుకోవాలన్నారు. నాకూ అతని మీద అనుమానమే, దాచడమెందుకు? అయినా స్తంభానికి కట్టిన ఆ ముసలాయన ముఖం కళ్లముందు నుంచి కదల్లేదు. "ఆ గీత నేను గీసిందే" అని గ్రూపులో పెట్టాను. మా తాతయ్య నాకు నేర్పిన అబద్ధం అదొక్కటే.