ఏడో ప్రశ్న దగ్గర ఆగిన కట్టలు

లెక్కల పంతులమ్మ బొసిబోరికి భాగహారం గుర్తంటే ఒళ్ళుమంట. పైనో చుక్క, కిందో చుక్క, మధ్యన ఒక గీత. ఎవరి వెనక ఎవరు నిలబడాలో చెప్పకుండా గుంపుని బస్సెక్కించే కండక్టర్ లాంటిదది అంటుంది. ఆమె తరగతిలో ఎవరైనా సరే పొడుగ్గా అడ్డగీత గీసి రాయాలి, లేదంటే బ్రాకెట్ పెట్టాలి. మొగుడు మకోరి ఊళ్ళ మధ్య జనాన్ని తిప్పే మటాటు వ్యాను నడుపుతాడు. "మా ఇంట్లో టీ తాగాలన్నా ముందు బ్రాకెట్ పెట్టాలి" అని స్టాండులో అందరినీ నవ్విస్తాడు.

కిసీ కొండల్లో, టీ తోటల మధ్య ఆమె బడి. ఆ చుట్టుపక్కల బళ్ళన్నీ కలిసి రెండో ఫారం పిల్లలకి ఉమ్మడి పరీక్ష పెడతాయి. అందులో లెక్కలు తప్పితే ఫిజిక్సు తీసుకోనివ్వరు. తప్పినవాళ్ళ దారి అక్కడితో మూసుకుపోయినట్టే. దిద్దడానికి పంతుళ్ళంతా ఒక హాల్లో బల్లల వెంట కూర్చుంటారు. ఒక్కొక్కరికి ఒక్క ప్రశ్నే. అది దిద్ది కాగితాన్ని పక్కవాళ్ళ ముందుకి తోసేయాలి. రాసింది ఎవరో, మిగతాది ఎలా రాశారో ఎవరికీ పట్టదు.

ఈసారి బొసిబోరికి ఏడో ప్రశ్న పడింది. 24 ÷ 4(1 + 2). అందరి మీదా పెద్ద అయిన ఒన్చిరి నల్లబల్ల మీద జవాబు 18 అని రాశాడు. ఆమె పళ్ళు కొరుకుతూనే మొదలుపెట్టింది. మొదటి బడి కట్టలో అందరిదీ 18. టిక్కులు పెట్టింది. రెండో బడి కట్టలో అందరిదీ 2. ఒకరిద్దరు కాదు, బడి మొత్తం! ఇంటూలు కొట్టుకుంటూ పోయింది. మూడో కట్టలోనూ 2 కనిపించేసరికి కలం ఆగిపోయింది.

ఎందుకో ఆమెకి తెలుసు. వాళ్ళలో పాత పంతుళ్ళు బ్రాకెట్‌కి అంటుకున్న అంకెని "ఆఫ్" అంటారు, భాగహారం కంటే ముందు దాన్ని తేల్చమంటారు. నాలుగు మూళ్ళు పన్నెండు, ఇరవైనాలుగుని పన్నెండుతో భాగిస్తే రెండు. కొత్తగా వచ్చినవాళ్ళు ఎడమ నుంచి కుడికి పొమ్మంటారు. ఇరవైనాలుగుని నాలుగుతో భాగిస్తే ఆరు, ఆరు మూళ్ళు పద్దెనిమిది. పిల్లలు చెప్పింది చెప్పినట్టు చేశారు. చచ్చేది మాత్రం వాళ్ళు.

"మ్వాలిము ఒన్చిరీ, ఈ ప్రశ్న కొట్టేయండి" అంది లేచి. అక్కడ పంతుళ్ళందరూ ఒకరికొకరు మ్వాలిములే.

"కూర్చోండి మ్వాలిము. బోడ్మాస్ రానివాళ్ళకి మార్కులెందుకు?"

"ఏ బోడ్మాస్? మీదా, నాదా? కొండకి ఇటు ఒకటి, అటు ఒకటి నేర్పింది మనమేగా!"

"మకోరి ఇవాళ బ్రాకెట్ పెట్టడం మర్చిపోయాడేమో!" అన్నారెవరో వెనక బల్ల నుంచి. హాలంతా ఘొల్లుమంది.

ఒన్చిరి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మీ బడి పిల్లలు 2 రాసుంటారు, అదేగా మీ బాధ? సరే, నల్లబల్ల మీద 2 అని మార్చేస్తా. సంతోషమా?"

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. "మా పిల్లలు ఏం రాశారో నేను చూడలేదు, చూడను కూడా! 2 అని మారిస్తే 18 రాసినవాళ్ళు మునుగుతారు. వాళ్ళు మాత్రం ఎవరి పిల్లలు? ఆ నాలుగుని బ్రాకెట్‌తో కలపాలో, విడిగా చూడాలో రాసినవాడు చెప్పలేదు. రాయడం రానిది మనకి, ఇంటూలు వాళ్ళకా?"

"పేపరు వేసింది కమిటీ."

"కమిటీకి చేతులుండవు. ఎవరి చెయ్యి రాసింది?"

బొసిబోరి ఎర్రకలం మూత పెట్టి, బల్ల మీద పడేసి, చేతులు కట్టుకుని కూర్చుంది.

ఆరో ప్రశ్నాయన అలవాటుగా కాగితాలు తోస్తూనే ఉన్నాడు. ఆమె ముందు కుప్ప పెరిగింది. ఎనిమిదో ప్రశ్న దిద్దే కెరుబో పని లేక గోళ్ళు గిల్లుకుంటోంది. మొక్కజొన్న పిండి ఉగాలీ ముద్దలూ ఆకుకూరా వచ్చాయి, తిన్నారు, ప్లేట్లు తీసేశారు. దిద్దడం పూర్తికాకుండా ఎవరూ ఇంటికి పోవడానికి లేదు. ఇంతసేపూ బొసిబోరిని తిట్టుకున్నవాళ్ళు ఒన్చిరి వైపు చూడటం మొదలుపెట్టారు.

"రెండిటికీ టిక్కు పెట్టించి వదిలెయ్యండి మ్వాలిము. వాన పడితే దారంతా బురదే" అంది కెరుబో.

ఒన్చిరి విసురుగా వెళ్ళి 18 పక్కన "లేదా 2" అని రాశాడు. సుద్ద విరిగింది.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. బొసిబోరి మాత్రం గోడవైపు నడిచింది. పొద్దున ఆమె ఇంటూలు కొట్టిన రెండో బడి కట్ట అప్పటికే మార్కులు కలిపించుకుని, తాడు కట్టించుకుని అక్కడ ఉంది.

"అది అయిపోయింది! ముట్టుకోకు!" అని అరిచాడు ఒన్చిరి. మర్యాదలన్నీ ఎగిరిపోయాయి.

"ఆ ఇంటూలు కొట్టింది నా చెయ్యి."

"తాడు తెంపావంటే వచ్చే ఏడాది నిన్ను పిలవం."

"పిలవొద్దు. ఎవరు బతిమాలారు?" ఆమె వెనక్కి చెయ్యి చాచింది. "కెరుబో, బ్లేడిటివ్వు."

కెరుబో ఒన్చిరి మొహం చూసింది, నల్లబల్ల చూసింది, చివరికి ఇచ్చింది.

బొసిబోరి తాడు కోసి, కట్టని ఒళ్ళో పెట్టుకుని నేల మీదే కూర్చుంది. మొదటి కాగితం మీద తన ఇంటూని కొట్టేసి, పక్కన టిక్కు పెట్టి, మొత్తం మార్కులు దిద్ది, కింద తన పేరు పూర్తిగా రాసింది. కోపానికి అక్షరాలు వంకర పోయాయి. రెండో కాగితం తీసింది.